జీపీఎస్ ఉండగా శ్రీలంక లైట్‌హౌస్‌లు ఇంకా ఎందుకు, వాటిని ఎవరు చూసుకుంటారు?

మాది వైజాగ్, మర్చంట్ నేవీలో డెక్ సైడ్ చేస్తా. సింగపూర్ నుంచి సూయజ్ వైపు పోయే ఓడలన్నీ దాదాపు శ్రీలంక దక్షిణ కొస, డోండ్రా హెడ్ ముందు నుంచే పోతాయి కాబట్టి ఆ లైట్‌ని నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఎందుకు అంటే, ఓసారి మా ఓడలో జీపీఎస్ యాంటెన్నాలోకి నీళ్లు పోయి, స్క్రీన్ మీద పొజిషన్ ఎక్కడికో ఎగిరిపోయింది. అర్ధరాత్రి. ముందు హొరైజన్ మీద మబ్బు కింద తెల్లగా ఓ వెలుగు ఊగింది, లైట్ ఇంకా కనపడట్లేదు, దాని కాంతే. కేడెట్ చేతిలో స్టాప్‌వాచ్ పెట్టి లెక్కపెట్టమన్నా. ఒక్కో లైట్‌హౌస్ ఫ్లాష్‌కి ఒక్కో లెక్క ఉంటుంది, ఐదు సెకన్లకి ఒక ఫ్లాష్, అంటే అక్కడ డోండ్రానే. తర్వాత బేరింగ్, అంటే దిక్సూచితో ఆ లైట్ ఏ దిక్కున ఉందో తీసుకుని, రాడార్‌తో సరిచూసుకున్నాం, అంతే, ఊపిరి పీల్చుకున్నాం. చార్ట్‌లో, అంటే సముద్రం మ్యాప్‌లో, దాని రేంజ్ 28 నాటికల్ మైళ్లు అని ఉంటుంది గానీ భూమి గుండ్రం కదా, ఓడ నడిపే గది, మేం బ్రిడ్జి అంటాం, దాని ఎత్తుకి 25 మైళ్ల దాకా వచ్చేసరికి గానీ దీపం నేరుగా కంట్లో పడదు.

ఇక ఎవరు చూస్తారంటే, బ్రిటిష్ వాళ్లప్పుడు ఇంపీరియల్ లైట్‌హౌస్ సర్వీస్ అని ఉండేది, ఇప్పుడు డోండ్రా, బేరువల దగ్గరున్న బార్బెరిన్, గ్రేట్ బాసెస్, లిటిల్ బాసెస్ ఈ నాలుగూ శ్రీలంక పోర్ట్స్ అథారిటీ కింద ఉన్నాయి. వీటిలో కష్టమంతా బాసెస్‌దే. గ్రేట్ బాసెస్ 1873 నాటిది, కిరింద తీరానికి 13 కిలోమీటర్ల దూరంలో సముద్రం మధ్య రాతి దిబ్బ మీద స్కాట్లాండ్ నుంచి తెచ్చిన గ్రానైట్‌తో కట్టారు. నైరుతి రుతుపవనాలు ఉన్నన్నాళ్లూ అక్కడ పడవ ఆనించడమే గగనం, అలాంటప్పుడు బల్బు పోతే ఏంటో ఊహించుకోండి. 2004 సునామీకి దెబ్బతింది కూడా.

ఒకసారి సెలవులో మా ఆవిడతో మాతర నుంచి బస్సులో డోండ్రా వెళ్లా. ఎనిమిది పలకల తెల్ల టవర్, 49 మీటర్లు, లంక లైట్‌హౌస్‌లలో ఇదే అన్నిటికన్నా ఎత్తు. అక్కడ లైట్ చూసుకునే ఆయన పైకి పంపించాడు, మెట్లెక్కేసరికి నా పని అయిపోయింది, ఆవిడైతే సగంలోనే కూర్చుండిపోయింది. పైన రెయిలింగ్ పట్టుకుంటే చేతికి జిడ్డుగా ఉప్పు, పెయింట్ లేచిన చోటల్లా తుప్పు. అసలు మెయింటెనెన్స్ అంటే సగం ఈ ఉప్పుతో యుద్ధమే. దీపం చుట్టూ ఉండే అద్దాన్ని పొడిగుడ్డతో తుడవకూడదంట, ఉప్పు రేణువులు గీతలు పెడతాయి, ముందు మంచినీళ్లు పోసి ఆ తర్వాతే మెత్తటి గుడ్డ. ఆయన వచ్చీరాని ఇంగ్లీషులో, మిగతాది చేతులతో చెప్పాడు.

పాత పెద్ద లెన్స్‌లు ఉన్నచోట పగలు తెరలు కూడా వేస్తారు, లేదంటే ఎండ లెన్స్‌లో పడి లోపల ఏదో ఒకటి కాలుతుంది.

మీరు వెళ్తే అడిగే ఎక్కండి, అద్దం మాత్రం ముట్టుకోకండి. నేను సముద్రం చూస్తూ తెలీక అరచేయి ఆనించా, ఆయన ఏమీ అనలేదు, బకెట్ తెచ్చి ఆ ఒక్క పలకా మళ్లీ మొదట్నుంచి కడిగాడు.