రేడియో మూగబోతే: అల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్లో "సిమ్యులేటర్లో రేడియో ఫెయిల్యూర్ ఇచ్చారు మావయ్యా, రేడియో పోయిందని కింద రాడార్‌కు చెప్పే 7600 కోడ్ వెంటనే పెట్టేశాను, ఇన్‌స్ట్రక్టర్ నవ్వాడు" అన్నావు. ఎందుకు నవ్వాడో నువ్వు అడిగినట్టు లేదు. ఫోన్లో తేలే సంగతి కాదని తీరిగ్గా రాస్తున్నాను.

అతను నవ్వింది ఇందుకు: రేడియో పోయిందని మనం అనుకునే చాలాసార్లు రేడియో బాగానే ఉంటుంది. తప్పు మన చేతిలో ఉంటుంది. నువ్వు నడిపే ఏ320 విమానంలో కంట్రోలర్‌తో మాట్లాడే వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్లు మూడున్నాయి. జనరేటర్లన్నీ పోయి ఎమర్జెన్సీ కరెంటు మీద నడుస్తున్నా ఒకటో నంబరు సెట్టు పనిచేస్తుంది. మూడూ ఒకేసారి పోవాలంటే చాలా పెద్ద గొడవే జరగాలి. అందుకే ముందు నీ చేతులవైపు చూసుకో.

నా సంగతే చెబుతాను. కలకత్తా నుంచి హైదరాబాద్, అర్ధరాత్రి దాటింది. కంట్రోలర్ తర్వాతి సెక్టార్ (ఆకాశంలో తర్వాతి భాగం) ఫ్రీక్వెన్సీ ఇచ్చాడు. ఫస్ట్ ఆఫీసర్ చక్కగా తిరిగి చెప్పి (రీడ్‌బ్యాక్), అంకెలు స్టాండ్‌బై కిటికీలో తిప్పాడు. యాక్టివ్‌లోకి మార్చే బటన్ నొక్కబోతుండగా భోజనం ట్రేలు వచ్చాయి. నేను పెరుగన్నం కలుపుకుంటున్నాను. ఆ వేళప్పుడు రేడియోలో చప్పుడు లేకపోతే ఎవరికీ వింతగా అనిపించదు. అత్యవసరానికి ఉంచిన గార్డ్ ఫ్రీక్వెన్సీ 121.5 వింటున్నామా అంటే, ఎవరో పనిలేనివాడు అందులో పిల్లిలా మ్యావ్ మ్యావ్ అంటుంటే విసుగొచ్చి వాల్యూమ్ నేనే తగ్గించాను. కాసేపటికి ఒక రిపోర్టింగ్ పాయింట్ దాటాం, ఎవరూ పలకరించలేదు. అప్పుడు చెంచా పక్కన పెట్టి ప్యానెల్ చూశాను. కొత్త అంకెలు ఇంకా స్టాండ్‌బైలోనే ఉన్నాయి. బటన్ నొక్కగానే మా కాల్‌సైన్, అదే మా విమానాన్ని పిలిచే పేరు, వినిపించింది. అప్పటికి ఎన్నిసార్లు పిలిచాడో, ఆ గొంతులోని విసుగే చెప్పింది. పద్నాలుగు నిమిషాలు. నిమిషానికి ఎనిమిది మైళ్ళ చొప్పున నూటపన్నెండు మైళ్ళు ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చేశాం. తప్పు బటన్ మరిచిన కుర్రాడిదని రిపోర్టులో రాశారు. వాల్యూమ్ తగ్గించింది నేను.

ఆ రాత్రి నుంచి రెండు అలవాట్లు చేసుకున్నాను. కొత్త ఫ్రీక్వెన్సీకి మారి పలకరించి, అటునుంచి జవాబు వినేదాకా ట్రే ముట్టుకోను. పాత ఫ్రీక్వెన్సీ కాగితం మీద రాసి ఉంచుతాను. కొత్తదాంట్లో రెండు పిలుపులకు జవాబు రాకపోతే పాతదానికి వెనక్కి వెళ్ళి "సరైన నంబరు మళ్ళీ చెప్పండి" అని అడగడంలో నామోషీ ఏమీ లేదు.

నిశ్శబ్దం అనుమానంగా అనిపించగానే ముందు వాచీ చూసి టైం రాసుకో. ఎందుకో తర్వాత చెబుతాను. ఆ తర్వాత వాల్యూమ్, ఏ సెట్టు మీద మాట్లాడుతున్నావో చూపే లైటు, హెడ్‌సెట్ ప్లగ్గు. ఆక్సిజన్ మాస్కు పెట్టె తలుపు తెరుచుకుని ఉంటే నీ మైకు మాస్కులోకి మారిపోతుంది, నువ్వు ఎంత అరిచినా బయటికి పోదు. ఆడియో ప్యానెల్ మీది ఇంటర్‌ఫోన్ స్విచ్చు రేడియో వైపు పడి ఉండొచ్చు, చేతిమైకు సీటు పక్కన ఇరుక్కుని బటన్ నొక్కుకుని ఉండొచ్చు. అలా అయితే నీ ఒక్కడికే కాదు, ఆ సెక్టార్ మొత్తానికి రేడియో పోయినట్టే. కాక్‌పిట్‌లో మీరిద్దరూ చెప్పుకునే కబుర్లన్నీ కంట్రోలర్ వింటాడు. అందుకే కాక్‌పిట్‌లో ఎవరినీ తిట్టొద్దని పాతవాళ్ళు అంటారు!

ఇవన్నీ చూశాక కూడా జవాబు రాకపోతే మనుషుల్ని వెతుకు. రెండో సెట్టు, 121.5, దగ్గర్లో ఎగురుతున్న వేరే విమానం. అడిగితే రిలే చెయ్యని పైలట్‌ను నేను చూడలేదు. రాతలో సందేశాలు పంపే ఏకార్స్‌లో కంపెనీ డిస్పాచ్‌కు నాలుగు ముక్కలు పంపు, వాళ్ళు కంట్రోలర్లకు (ఏటీసీకి) ఫోన్ చేస్తారు. పోర్ట్ బ్లెయిర్ వెళ్ళేటప్పుడు ఇంకొకటి గుర్తుంచుకో. వీహెచ్‌ఎఫ్ చూపు మేర మాత్రమే పోతుంది, ముప్పై అయిదు వేల అడుగుల మీదున్నా సుమారు రెండు వందల మైళ్ళే. బంగాళాఖాతం మధ్యలో అది అందకపోవడం ఫెయిల్యూర్ కాదు. దానికి ఎక్కువ దూరం పోయే హెచ్‌ఎఫ్ రేడియో ఉంది. గరగరలాడుతుంది, ఓపిక పట్టాలి.

నీ మాట పోవట్లేదు కానీ వాళ్ళ మాట వినిపిస్తోందా? అదృష్టవంతుడివి. "వినిపిస్తే ఐడెంట్ నొక్కు" అంటారు, నొక్కు, వాళ్ళ రాడార్ తెర మీద నీ గుర్తు మెరుస్తుంది. సగం సంభాషణ అలాగే నడిచిపోతుంది. అసలు ఏమీ వినిపించకపోయినా చెప్పాల్సినవి "ట్రాన్స్‌మిటింగ్ బ్లైండ్" అని మొదలుపెట్టి చెబుతూనే ఉండు. చెడింది నీ రిసీవర్ ఒక్కటే కావచ్చు. కొన్నిచోట్ల దారి చూపే రేడియో కేంద్రం, అదే వీఓఆర్, మీద గొంతు కూడా వస్తుంది కాబట్టి ఆ కీ తెరిచి చెవి పెట్టు.

ఇప్పుడు 7600. అది పెట్టాక నువ్వు చేసేదంతా కింద ఒక మనిషి ఊహిస్తుంటాడు. సంతలో నెత్తిన నీళ్ళబిందెతో వచ్చే మనిషికి అందరూ తప్పుకుని దారి ఇస్తారు, ఆ మనిషి తిన్నగా నడిచినంతసేపే. మధ్యలో అటూ ఇటూ జరిగిందంటే ఎటు తప్పుకోవాలో ఎవరికీ తెలియదు. అంతర్జాతీయ విమానయాన సంస్థ ఐకావో నియమం సారమంతా ఇదే.

మబ్బుల్లో ఉన్నావనుకో, రాడార్ ఉన్నచోట చివరిగా ఇచ్చిన ఎత్తు, వేగం 7 నిమిషాలు అలాగే ఉంచాలి. ఆ ఎత్తుకు చేరింది, 7600 పెట్టింది, తప్పనిసరి పాయింటు దగ్గర రిపోర్టు ఇవ్వలేకపోయింది, వీటిలో ఏది ఆలస్యంగా జరిగితే అక్కణ్ణుంచి లెక్క. టైం రాసుకోమన్నది ఇందుకే. రాడార్ లేనిచోట 20 నిమిషాలు. ఆ గడువులో కంట్రోలర్ నీ చుట్టూ ఉన్నవాళ్ళను జరుపుతాడు. గడువు అయ్యాక ఫైల్ చేసిన ఫ్లైట్ ప్లాన్ ప్రకారం ఎత్తు, వేగం మార్చుకుని పోవాలి. కంట్రోలర్ చెప్పిన దిశలో, అంటే వెక్టర్ మీద, పోతుంటే తర్వాతి పాయింటు దాటకుండా రూటులోకి వచ్చెయ్యి, కానీ కనీస ఎత్తు చూసుకున్నాకే. గమ్యం దగ్గరి వీఓఆర్ మీదికి వెళ్ళి, నీకు ఇచ్చి నువ్వు ఒప్పుకున్న అప్రోచ్ టైంకి, అది లేకపోతే ప్లాన్ ప్రకారం చేరే అంచనా టైంకి (ఈటీఏకి) దిగడం మొదలుపెట్టు. ఆ రెండింటిలో ఏది తర్వాతిదైతే దానికి అరగంటలోపు నేల మీద ఉండాలి.

ఆకాశం తేటగా ఉంటే ఆ తేటలోనే ఉంటూ దగ్గర్లోని తగిన ఎయిర్‌పోర్టులో దిగమంటుంది అదే నియమం. ప్లాన్ ప్రకారం పోవడమే మేలనిపిస్తే అలా పోయే వీలు కూడా ఇచ్చింది. పెద్ద విమానంతో ఎత్తున పోతుంటే నా ఓటు రెండోదానికే. ఏ ఊరికి వెళ్తున్నా ఆ చార్టు మీద రేడియో ఫెయిల్యూర్ గురించి వేరే రాసి ఉంటే అదే చెల్లుతుంది. అమెరికాలో అయితే లెక్కే వేరు. కిందికి దిగడం మొదలుపెట్టకముందే చదివి పెట్టుకో, చెమటలు పట్టాక అక్షరాలు కనిపించవు.

టవర్ నుంచి లైటు చూపిస్తారు. నిలకడగా పచ్చ అయితే దిగు. నిలకడగా ఎరుపు అయితే దారి ఇచ్చి తిరుగుతూ ఉండు. ఎరుపు మిణుకుమిణుకుమంటే దిగొద్దు. చూశానని చెప్పడానికి పగలైతే రెక్కలు ఊపు, రాత్రి ల్యాండింగ్ లైట్లు రెండుసార్లు వెలిగించి ఆర్పు. నా సర్వీసు మొత్తంలో ఆ లైటు నేను ఒక్కసారే చూశాను, అదీ చిన్న విమానంలో ట్రైనింగప్పుడు. బటాణీగింజంత పచ్చచుక్క. వెతికితే తప్ప కనపడదు.

2017 ఫిబ్రవరిలో ముంబై నుంచి లండన్ వెళ్తున్న విమానం జర్మనీ మీద మాట కలవకుండా పోతే ఆ దేశం యుద్ధవిమానాలు పంపింది. విమానం క్షేమంగానే లండన్ చేరిందనుకో. అలా ఎవరైనా ఎడమపక్కకు వచ్చి రెక్కలు ఊపితే నువ్వూ ఊపి వాళ్ళ వెనకే వెళ్ళు. అక్కడ సొంత తెలివి చూపకు.

దిగాక విమానం లోపాలు రాసే టెక్ లాగ్‌లో ఉన్నది ఉన్నట్టు రాయి. బటన్ నువ్వే మరిచిపోతే ఆ మాటే రాయి.

ఈ ఉత్తరం మా అక్కకు, అదే మీ అమ్మకు, చూపించకు. నువ్వు డ్యూటీకి వెళ్ళినప్పుడల్లా టెన్షన్ పడుతుంది, మళ్ళీ నన్నే తిడుతుంది. దసరాకి వస్తే ఏ320 ప్యానెల్ బొమ్మ అట్టముక్క మీద గీసి పెట్టాను, కళ్ళు మూసుకుని బటన్లు చూపిద్దువుగాని.

ఇట్లు,
మీ మావయ్య