ఎడారిలో బండి వెనకే పడుకోవచ్చా అంటే, ఉప్పు నేల మీద మేం గడిపిన ఒక రాత్రి చెప్తా

మీరూ మీ ఫ్రెండూ డిసెంబర్లో పికప్ ట్రక్కు వేసుకుని జైసల్మేర్ అవతలకి పోయి, మూడు రాత్రులు ఎడారిలో ట్రక్కు వెనకే పడుకోవాలనుకుంటున్నాం, సేఫేనా, ఏమేం కొనాలి అని అడిగారు. కొనేవి చెప్పేవాళ్ళు మీకు బోలెడుమంది దొరుకుతారు. టాప్ మీద వేసే టెంటు, బుల్లి ఫ్రిజ్జు, మడత కుర్చీలు, అన్నీ వీడియోల్లో ఉన్నాయి. వాటితో నాకు గొడవ లేదు కానీ ఎడారిలో మనిషి ప్రాణం కాపాడేది అవేవీ కావు. ఇది నేను చదివి చెప్పటం లేదు, ఒక రాత్రీ ఒక పూటా అనుభవించి చెప్తున్నా.

మాది నెల్లూరు జిల్లా అల్లూరు పక్క, సముద్రం దగ్గర. 2012 నుంచి 2018 దాకా ఒమాన్‌లో డ్రైవర్‌గా చేశా. మా క్యాంపు ఫహూద్ అవతల, అంటే ఆయిల్ ఫీల్డుల్లో కాంట్రాక్టు పనిచేసే వాళ్ళ రేకుల క్యాంపు. నా పని హైలక్స్ పికప్‌లో ఇబ్రి టౌనుకి పోయి కూరగాయలు, పాలు, నీళ్ళ డబ్బాలు, స్పేర్ పార్టులు తేవటం. ఆ ఏరియాకి పడమరగా ఉమ్ అల్ సమీమ్ అని ఒక పెద్ద ఉప్పు నేల ఉంది, అలాంటి నేలని అక్కడ సబ్ఖా అంటారు. పైన తెల్లగా పెచ్చు కట్టి ఉంటది, కింద అడుసు. దూరం నుంచి చూస్తే సిమెంటు వేసినట్టు ఉంటది, ఎంతో గట్టిగా ఉందనిపిస్తది.

నేను ఇసకపల్లి ఉప్పు కయ్యల పక్కన పెరిగినోణ్ణి. ఉప్పు మడిలో పెచ్చు మీద కాలేస్తే పిక్కల దాకా దిగుతుందని చిన్నప్పుడే తెలుసు, మా నాయన చేత తిట్లు కూడా తిన్నా. అంత తెలిసినా ఆ రోజు బండి అటు తిప్పా, ఎందుకంటే అది ఎడారి, ఇక్కడ నీళ్ళెక్కడివి అన్న నమ్మకం. ఎడారిలో బండ్లు పోగొట్టుకునే వాళ్ళంతా ఇదే నమ్మకంతో పోగొట్టుకుంటారు. మీరు జైసల్మేర్ చూసుకుని అటునుంచి కచ్ రణ్ వైపు కూడా పోదామనుకుంటే ఈ ముక్క గట్టిగా గుర్తుపెట్టుకోండి, అక్కడున్నదీ ఇదే ఉప్పు పెచ్చు, కింద ఇదే అడుసు.

2015 నవంబర్. ఆ నెల నాకు బాగా గుర్తు, ఇక్కడ నెల్లూరు జిల్లా అంతా నీళ్ళలో ఉంది, మద్రాసు రోడ్డు మీద వాగులు పారతా ఉన్నాయి, మా అమ్మ ఫోన్ చేసి నారుమళ్ళు మొత్తం పోయాయని ఏడ్చింది. నేను ఇబ్రిలో సరుకు ఎక్కించుకుని తిరిగొస్తున్నా, నా పక్కన మా క్యాంపు ఫిట్టర్, వింజమూరు పక్క ఆయన, నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద, నేను పెద్దన్నా అని పిలిచేవాణ్ణి. ఫహూద్ దగ్గర సిగ్నల్ ఉన్న చోట ఆపమన్నాడు. క్యాంపులో వంటమాస్టరుకి ఫోన్ చేసి, "ఇప్పుడు మూడున్నర, ఏడుకల్లా వస్తాం, తొమ్మిదికి రాలేదంటే దారిలో ఇరుక్కున్నట్టు, ఇంకెక్కడో పడుకున్నారులే అనుకోబాక" అన్నాడు. నాకు చిరాకేసింది. వారానికి రెండుసార్లు తిరిగే దారికి ఇన్ని చెప్పాలా అని పైకే అన్నా.

దారిలో గ్రేడర్ రోడ్డు, అంటే మిషన్‌తో చదును చేసిన మట్టి రోడ్డు, తవ్వి పెట్టారు, పక్కకి డైవర్షన్. అది చుట్టు తిరుగుడు. కుడిపక్క తెల్లటి నేల మీద టైర్ల జాడలు కనపడితే ఎవరో పోయినారు కదా అని నేనూ దింపా. పెద్దన్న వద్దంటానే ఉన్నాడు. కిలోమీటరు బాగానే పోయింది, ఆ తర్వాత స్టీరింగ్ బరువెక్కింది, బండి మెల్లగా కూర్చుంటా ఉన్నట్టు తెలుస్తానే ఉంది, నేను ఆపకుండా యాక్సిలరేటర్ తొక్కా. అదే చేయకూడదు. తొక్కేకొద్దీ టైర్లు తవ్వుకుంటా పోయి, యాక్సిల్ ఆని, చాసీ నేల మీద కూర్చుంది. ఫోర్ వీల్ వేసినా లాభం లేదు. దిగి చూస్తే నల్లటి బురద, మా ఇసకపల్లి వాసనే. బండిలో పార లేదు, జాకీ కింద పెట్టటానికి చెక్క ముక్క లేదు, గాలి కొట్టుకునే మిషన్ లేదు. ఎన్నిసార్లు అడిగినా కంపెనీ వాళ్ళు ఇవ్వలేదు, రోడ్డు మీద తిరిగే బండికి ఇవన్నీ ఎందుకు అనేవాళ్ళు. పార ఖరీదెంత? దానికి కూడా లెక్క చూసేవాళ్ళు మనుషుల్ని ఎడారికి ఎందుకు పంపుతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇసకైతే వేరే సంగతి. ఇసకలో దిగితే టైర్లలో గాలి 15, 18 పీఎస్ఐ దాకా తగ్గిస్తే టైరు వెడల్పై తేలుద్ది, ముందర ఉన్న ఇసక పారతో తీసి మెల్లగా బయటికి రావచ్చు. మళ్ళీ తారురోడ్డెక్కే ముందు గాలి నింపుకోవాలి, లేకపోతే వేడికి టైరు పేలుద్ది. అడుసులో ఇవేవీ పనిచేయవు.

పొద్దు కుంకింది. ఫోన్లో సిగ్నల్ లేదు. చీకటి పడ్డాక దూరంగా మంట కనపడింది, ఆయిల్ ఫీల్డులో గ్యాస్ కాల్చే మంట. చూస్తే అయిదారు కిలోమీటర్లు ఉంటదేమో అనిపించింది. నేను వయసులో ఉన్నా, రెండు గంటల్లో పోయొస్తా, మనుషుల్ని తీసుకొస్తా అని బయల్దేరా. అప్పుడు పెద్దన్న చేసిన పని నేను చచ్చేదాకా మర్చిపోను. నేను బురద కడుక్కోవటానికి విప్పి పెట్టిన బూట్లు తీసుకుని, వాటి మీద కూర్చున్నాడు. "ఒరే అబ్బయ్యా, బండి వదిలి పోబాక. మనిషి కనపడడు, బండి కనపడుద్ది" అన్నాడు. నేను అరిచా, బతిమాలా. కదల్లేదు. ఆయన కువైట్లో పనిచేసినప్పుడు ఒకతను ఇట్టాగే బండి దిగి నడిచాడంట. వెతికినోళ్ళకి బండి మర్నాడే దొరికింది, బండిలో నీళ్ళు కూడా ఉన్నాయి, మనిషి మాత్రం నాలుగో రోజు దొరికాడు. చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయింది, ఆ వెతికినోళ్ళలో ఈయన ఒకడు.

సరే, ఉండిపోయాం. మా దగ్గర క్యాంపుకి తీసుకెళ్ళే నీళ్ళ బాటిళ్ళ కార్టన్లు ఉన్నాయి, ఖుబ్బూస్ రొట్టెలున్నాయి, పెరుగుంది, ఉల్లిపాయలున్నాయి. నేను నీళ్ళు గుటకలు లెక్కపెట్టి తాగతా ఉంటే దానికీ కోప్పడ్డాడు. నీళ్ళు బాటిల్లో దాచి ఒళ్ళు ఎండబెట్టుకోవటం తెలివి కాదు, దప్పికైతే తాగు, పగలు ఎండలో పనిచేయకుండా చెమట మిగుల్చుకో అన్నాడు. మీరు మనిషికి రోజుకి పది లీటర్లు లెక్కేసుకోండి, దానిపైన ఇంకో రెండు రోజులకి సరిపడా విడిగా పెట్టుకోండి. ఒకటే పెద్ద క్యాను వద్దు, అది పగిలితే మొత్తం పోయినట్టే, చిన్న డబ్బాల్లో పెట్టుకోండి.

రాత్రి చలి. నవంబర్లో అక్కడ పగలు చొక్కా తడిసిపోతుంది, అర్ధరాత్రికి దుప్పటి లేకపోతే పళ్ళు కొట్టుకుంటాయి. ఇంజన్ ఆన్ చేసి హీటర్ వేసుకుని క్యాబిన్‌లో పడుకుందాం అన్నా. సైలెన్సర్ బురదలో కూరుకుని ఉంది చూడు, పొగ బయటికి పోయే దారి లేక లోపలికొస్తే తెల్లారి లేవం అన్నాడు. ఇది మీరు చాలా జాగ్రత్తగా వినండి. చలికాలం ఎడారికి పోయేవాళ్ళు బొగ్గుల కుంపటి టెంటులో పెట్టుకునో, అద్దాలు మూసి ఇంజన్ వేసుకునో పడుకుంటారు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ గ్యాస్‌కి వాసన ఉండదు, దగ్గు రాదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. పాముల గురించి అందరూ అడుగుతారు, దీని గురించి ఒక్కరూ అడగరు. పాములంటారా, రాజస్థాన్‌లో ఉండే చిన్న పింజరి మన ఉదయగిరి మెట్టల్లో కూడా ఉంటది, కొత్తేం కాదు. నేల మీద పడుకోకుండా ట్రక్కు తొట్టిలో పడుకోండి, బూట్లు పైన పెట్టుకోండి, పొద్దున్నే దులిపి తొడుక్కోండి, టార్చి లేకుండా ఒంటేలుకి కూడా దిగొద్దు. చాలు.

మేం తొట్టిలో నీళ్ళ కార్టన్లు గోడలాగా పేర్చుకుని, ఉల్లిపాయల గోనె తలకింద పెట్టుకుని పడుకున్నాం. నాకు నిద్ర పట్టలేదు. ఆ మంట చూస్తానే ఉన్నా. ఊర్లో అమ్మ నీళ్ళలో ఉంది, నేను నీళ్ళు లేని చోట బురదలో ఉన్నా, ఇద్దరిలో ఎవరికీ రెండోవాళ్ళ సంగతి పూర్తిగా తెలియదు. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళందరికీ ఇది అలవాటు. ఇంట్లో కంగారు పడతారని ఏదీ చెప్పం. డ్రైవర్ అని వీసా ఇచ్చి ఏజెంట్లు తీసుకుపోయి ఎడారిలో ఒంటెల దగ్గర వదిలిన వాళ్ళు కూడా ఫోన్‌లో బాగున్నా అమ్మా అనే చెప్తారు. వాళ్ళు ఎక్కడున్నారో ఇంట్లో తెలియదు, ఎన్ని రోజులు ఫోన్ రాకపోతే భయపడాలో కూడా తెలియదు. ఇది మీ ప్రశ్న కాదని తెలుసు, కానీ చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే రెండూ ఒకటే జబ్బు, ఎక్కడున్నామో ఎవరికీ చెప్పకపోవటం.

తెల్లారేసరికి బానెట్ మీద చెమ్మ. ఎనిమిది గంటలకి పెద్దన్న స్టెప్నీ దింపి, గాలి మొత్తం తీసి (గాలితో కాలిస్తే పేలుద్ది), బండికి దూరంగా దొర్లించి, డీజిల్ పోసి అంటించాడు. నల్లటి పొగ స్తంభంలాగా లేచింది. పదిన్నరకి తూర్పు నుంచి ఒక ల్యాండ్ క్రూజర్ వచ్చింది, మా దాకా రాలేదు, రెండు వందల గజాల అవతల గట్టి నేల మీద ఆగింది. అందులో మా క్యాంపు నీళ్ళ ట్యాంకర్ తోలే బలూచీ అతనూ, ఒక బెదూ (అక్కడి ఎడారి జాతి) ముసలాయనా. ఆ ముసలాయన కర్రతో నేల పొడుచుకుంటా, పెచ్చు చప్పుడు వింటా, వంకర టింకరగా మా దాకా నడిచొచ్చాడు. ముందు ఖర్జూరాలూ ఫ్లాస్కులో కావా, అంటే అరబ్బుల కాఫీ, ఇచ్చాడు, మేం తాగినాకే బండి వైపు చూశాడు. బండి లాగే బెల్టులన్నీ కలిపి ముడేసి లాగితే మధ్యాహ్నానికి బయటపడింది. నేను రాత్రి చూసిన మంట ఎంత దూరం అని అడిగితే ముప్పై అయిదు కిలోమీటర్లు అన్నాడు, మధ్యలో అంతా సబ్ఖానే. చీకట్లో నడిచుంటే ఏ పెచ్చు కింద ఉండేవాణ్ణో.

మా కోసం వాళ్ళు ఎందుకొచ్చారంటే వంటమాస్టరు. తొమ్మిది దాటగానే క్యాంపు బాస్ దగ్గరికి పోయాడంట. ఇబ్రిలోనే పడుకునుంటారు పో అన్నాడంట ఆయన. పదికి మళ్ళీ పోయాడు, తెల్లారి నాలుక్కి మళ్ళీ పోయాడు, ఆఖరికి ఎవర్నీ అడక్కుండా ట్యాంకర్ డ్రైవర్ని నిద్రలేపి పంపించాడు. తొమ్మిదికి రాకపోతే ఇరుక్కున్నట్టు అని ముందే చెప్పబట్టి అతను అంత గట్టిగా నిలబడ్డాడు. మీకు కావాల్సిన సామాను అదీ. కాల్చిన స్టెప్నీ ఖరీదు మాత్రం కంపెనీ వాళ్ళు మా ఇద్దరి జీతాల్లో కోసుకున్నారు.

మీ ట్రిప్పుకి ఇంకొన్ని ముక్కలు. వీలైతే రెండు బండ్లు పోండి. ఎండిపోయిన వాగులో మెత్తగా ఉందని పడుకోవద్దు, వాన మీమీద పడక్కర్లేదు, ఎగువన పడితే చాలు. ఎడారిలో వరదేంది అంటారేమో, 2006 ఆగస్టులో బాడ్మేర్ జిల్లా కవాస్ ఊరు మునిగిపోయింది. మన వెంకటగిరి పక్క కైవల్యా నది కూడా ఏడాదంతా ఎండిపోయే ఉంటది, వచ్చినరోజు బస్సులు ఆపేస్తది. పోఖ్రాన్ ఫైరింగ్ రేంజ్ చుట్టుపక్కల బోర్డులు చూసి పోండి, నేల మీద ఇనప ముక్క కనపడితే ముట్టుకోవద్దు. బోర్డర్ వైపు పోవాలంటే జైసల్మేర్‌లోనే పర్మిషన్ సంగతి కనుక్కోండి. ఎవరో శాటిలైట్ ఫోన్ కొనుక్కోమంటారు, థురాయా, ఇరిడియం లాంటివి మన దేశంలో పర్మిషన్ లేకుండా దగ్గర పెట్టుకుంటే కేసు పెడతారు, బోర్డర్ దగ్గరైతే మరీను. సిగ్నల్ ఉన్న చోట 112 పనిచేస్తుంది. సిగ్నల్ లేని చోట మీరు బయల్దేరే ముందు మాట చెప్పి వచ్చిన మనిషే పనిచేస్తాడు.

ఆ మనిషిని జాగ్రత్తగా ఎంచుకోండి. ఊరికే జాగ్రత్త అనేవాళ్ళు కాదు, మూడుసార్లు పోయి తలుపు కొట్టేవాడు కావాలి. ఏ దారిన పోతున్నారు, ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారు, ఏ టైముకి ఫోన్ చేస్తారు, ఆ ఫోన్ రాకపోతే ఎన్ని గంటలు ఆగి ఎవరికి చెప్పాలి, ఇవన్నీ కాగితం మీద రాసి అతని చేతికివ్వండి. దారి మారిస్తే ముందు అతనికి చెప్పి తర్వాత బండి తిప్పండి.

మా వంటమాస్టరుది సింగరాయకొండ. ఇప్పుడు అక్కడే హైవే పక్కన టిఫిన్ కొట్టు పెట్టుకున్నాడు. నేను రొయ్యల మేత బండి తోలతా ఒంగోలు పోయొచ్చేటప్పుడు అక్కడ ఆగతా. డబ్బులు తీసుకునేటప్పుడు నెల్లూరు ఎన్నింటికి చేరతావన్నా అని అడుగుతాడు, నేను చెప్తా. ఆ టైముకి ఫోన్ మోగుతుంది.