పొర పొరకూ పాళ్లు మారే లోహం

ప్రశ్న: రెండు లోహాలను అతకడానికి వెల్డింగ్ ఉండగా, లేజర్‌తో పొర పొరకూ పాళ్లు మారుస్తూ భాగాన్ని నిర్మించడం ఎందుకు? ఏ రెండు లోహాలనైనా ఇలా కలపవచ్చునా? (మెకానికల్ ఇంజినీరింగ్ విద్యార్థి, విజయవాడ)

జవాబు: రెండో ప్రశ్నకు ముందే చెబుతాను, ఏ రెండింటినైనా అంటే కలపలేము. మీటరు పొడవున్న 304ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 17 మైక్రాన్లు పెరుగుతుంది; 36 శాతం నికెల్ ఉన్న ఇనుప మిశ్రమం ఇన్వార్ గది ఉష్ణోగ్రత దగ్గర రెండు మైక్రాన్లైనా పెరగదు. వీటిని వెల్డ్ చేస్తే ఆ తేడా వల్ల పుట్టే ఒత్తిడంతా అతుకు దగ్గరే పడుతుంది. పాళ్లు క్రమంగా మారితే అదే ఒత్తిడి కొన్ని మిల్లీమీటర్ల మేర పంచుకుపోతుంది. నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ పరిశోధకులు టెలిస్కోపు అద్దాలకు ఆధారంగా ఉండే భాగాన్ని ఈ రెండు లోహాలతోనే ఇలా తయారుచేసి చూపారు.

పని జరిగే తీరు ఇది. లేజర్ పుంజం కింది పొరను కరిగించి చిన్న ద్రవ మడుగును ఏర్పరుస్తుంది. పొడిని అందించే రెండు పరికరాల (ఫీడర్ల) నుంచి ఆర్గాన్ వాయువు మోసుకొచ్చే లోహపు పొడులు అందులో పడి కరుగుతాయి. ఫీడర్ల వేగం మారిస్తే పాళ్లు మారతాయి. అయితే ఫీడరులో 30 శాతం అని పెట్టినంత మాత్రాన పొరలో 30 శాతం రాదు. కింది పొర కొంత మళ్లీ కరిగి కొత్తదానిలో కలుస్తుంది, పైగా రేణువుల పరిమాణాన్నీ సాంద్రతనూ బట్టి ఒక్కో పొడి మడుగులో చిక్కే మోతాదు వేరుగా ఉంటుంది. అందుకే నమూనాను నిలువునా కోసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఎక్స్-రే విశ్లేషణతో పాళ్లను కొలిచి తీరాలి.

స్టీలు, ఇన్వార్ ఏ పాళ్లలో కలిసినా స్ఫటిక నిర్మాణం ప్రధానంగా ఆస్టెనైట్ అనే ఒకే రకం కనుక ఆ జత సులువు. టైటానియాన్ని నేరుగా స్టీలులోకి నడిపిస్తే మాత్రం నడుమ ఇనుము-టైటానియం సమ్మేళనాలు ఏర్పడతాయి; అవి ఎంత పెళుసంటే, భాగం యంత్రం మీద చల్లబడుతుండగానే పగుళ్లిస్తుంది. టైటానియంతో చక్కగా కలిసే వెనేడియాన్ని మధ్యలో పెట్టినా, అది ఇనుముతో చేరినచోట సిగ్మా అనే మరో పెళుసు దశ (ఫేజ్, అంటే తనదైన స్ఫటిక నిర్మాణం ఉన్న రూపం) పుడుతుంది. అందువల్ల వెనేడియం తరువాత క్రోమియం మీదుగా దారి మళ్లించిన ప్రయోగాలున్నాయి.

నా దృష్టిలో ఇందులో అసలు నైపుణ్యం లేజర్‌ది కాదు, ఆ దారిని ఎంచుకోవడానిది. మీరు ప్రాజెక్టు తలపెడితే పొడులు కొనే ముందే ఫేజ్ డయాగ్రమ్‌లు ముందు పెట్టుకుని, ఏ పాళ్ల వద్ద ఏ దశ వస్తుందో గుర్తించండి. ఆ తరువాత హైదరాబాదులోని ఏఆర్‌సీఐ (పొడి లోహాలపై పరిశోధించే కేంద్రం), ఇండోర్‌లోని రాజా రామన్న అధునాతన సాంకేతిక కేంద్రం ఈ రంగంలో ప్రచురించిన పరిశోధన పత్రాలను చదవండి.