సూది వేయించుకునే ముందు చదువు

చి. సుధకు,

నువ్వు ముఖానికి ఫిల్లర్లు, అంటే పల్లాలు నింపే జెల్ సూదులు, వేయించుకోబోతున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. దాచిపెట్టకుండా ఇంట్లో చెప్పి మరీ వెళ్తున్నందుకు గర్వంగా అనిపించింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

అనుభవమున్న చర్మవైద్యుల దగ్గరికో ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికో వెళ్లు. సిరంజి సీలు నీ కళ్లముందే తీయమను. రక్తం పలుచబరిచే మందులు వాడుతుంటే, పెదవుల మీద తరచూ పొక్కులు వస్తుంటే ముందే చెప్పు. ఇంట్లోనే వాడుకోమని అమ్మే, సూది లేకుండా ఒత్తిడితో జెల్ ఎక్కించే పెన్నుల జోలికి పోకు.

ఇందులో మేలు లేదని అనను. వయసుతో బుగ్గల్లో కొవ్వు తగ్గుతుంది, కింద ఎముక కూడా కొంత అరుగుతుంది. హైలురోనిక్ యాసిడ్ మన చర్మంలో ఉండేదే, నీటిని పట్టి ఉంచుతుంది. దానితో చేసిన జెల్ నింపితే పల్లాలు పైకి తేలుతాయి. మొదటిసారి నా బుగ్గలు నిండినప్పుడు అద్దంలో మా అమ్మ ముఖం కనిపించి కళ్లు చెమర్చాయి. కానీ అది ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా ఉంటుంది, అంతే. జారిన చర్మాన్ని పైకి లాగదు, మంగు మచ్చలు పోగొట్టదు. జారినదాన్ని లేపాలని నింపుకుంటూ పోతే ముఖం ఉబ్బిపోతుంది. కళ్ల కింద చర్మం పలచన, అక్కడ పైపైన వేస్తే నీలంగా కనిపిస్తుంది.

ఇక నా ముక్కు పక్కన మచ్చ సంగతి. మొటిమ గిల్లుకున్నానని మీ అందరికీ చెప్పాను. అది నిజం కాదు.

అప్పుడు నాకు 49. మూడు రోజుల్లో ఒక పెళ్లికి వెళ్లాలి. ముక్కు నుంచి నోటి చివరి దాకా దిగే గీతలకు వైద్యురాలు కొద్దిగా వేసి, మిగతాది రెండు వారాల తర్వాత చూద్దామన్నారు. నేనే పట్టుబట్టి ఇంకొంచెం వేయించుకున్నాను. సూది దిగాక ముక్కు పక్కన చర్మం సున్నం పూసినట్టు తెల్లబడి, కాసేపటికి సర్దుకున్నట్టే కనిపించింది. ఇంటికి వచ్చాక నొప్పి మొదలైంది. రాత్రి పదింటికల్లా అక్కడ ఊదారంగు గీతలు, వల అల్లినట్టు. వేలితో నొక్కి వదిలితే రంగు వెంటనే తిరిగి రావడం లేదు. ఫోను చేతిలోనే ఉంది. ఇంత రాత్రి ఆవిడను లేపడమా అన్న మొహమాటం, ఎక్కువ వేయమన్నది నేనే అన్న సిగ్గు. ఐసు పెట్టుకుని పడుకున్నాను. అది ఇంకో తప్పు, చల్లదనానికి రక్తనాళాలు మరింత బిగుసుకుంటాయి.

మర్నాడు మధ్యాహ్నం చూపించాను. జెల్ రక్తనాళంలోకి పోయి దారి మూసేసిందట. హైలురోనిడేజ్ అనే ఎంజైమును పదేపదే ఎక్కించి కరిగించారు. చర్మం చాలావరకు బతికింది. గింజంత మేర నల్లబడి, పుండై, మచ్చగా మిగిలింది. అదే జెల్ కంటికి రక్తం తీసుకెళ్లే నాళంలోకి చేరితే చూపు పోవచ్చు. అరుదే, కానీ కనుబొమల మధ్య, ముక్కు మీద వేసేటప్పుడు ఆ ముప్పు ఎక్కువ. అక్కడ మాత్రం వద్దు తల్లీ.

అందుకే హైలురోనిక్ యాసిడ్ రకమే అడుగు. కాల్షియంతో చేసినవి ఆ ఎంజైముకు కరగవు. ఎంజైము అక్కడే సిద్ధంగా ఉందా, అర్ధరాత్రి ఫోను చేస్తే ఎవరు ఎత్తుతారు అని అడుగు. జవాబుకు తడబడితే లేచి వచ్చేయి.

నీ మొహమాటమే నాకు భయం. ఏడేళ్లప్పుడు చెయ్యి విరిగినా ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని సాయంత్రం దాకా చెప్పకుండా కూర్చున్న పిల్లవి నువ్వు. ఆ చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తింది నేనే. ఈసారి అలా చేశావంటే ఊరుకోను.

ఏ రోజు, ఎన్ని గంటలకో తెలియజేయి. ఆ రాత్రి నీ దగ్గరే పడుకుంటాను. గంటకోసారి లైటు వేసి ముఖం చూస్తాను, విసుక్కోకు.

మీ అత్తయ్య