కంచె మీద నల్లటి కాయల తీగ: పీకేయాలా, ఉంచాలా?

మీ కంచె మీద అల్లుకున్న తీగ తిప్పతీగేనా, పీకేయాలా ఉంచాలా అని అడిగారు కదా. ఆకుల మీద మెత్తటి నూగు, మిరియం కంటే కాస్త పెద్ద కాయలు, పండితే నలుపు తిరిగిన ఊదా రంగు, చిదిమితే చేతులకు మరక. మీరు చెప్పిన ఈ గుర్తులన్నీ దూసరి తీగవే. కొందరు చీపురు తీగ అని కూడా అంటారు. మీరు అనుకున్నట్టు తిప్పతీగ కాదు. తిప్పతీగ ఆకు నున్నగా, తమలపాకులా ఉంటుంది, పండ్లు ఎర్రగా ఉంటాయి. రెండూ ఒకే కుటుంబానివి కాబట్టి పొరబడేవాళ్లు చాలామందే.

ఇంకా అనుమానంగా ఉంటే గుప్పెడు ఆకులు గ్లాసు నీళ్లలో బాగా పిసికి, పిప్పి తీసేసి, కదపకుండా పక్కన పెట్టండి. కాసేపటికి నీళ్లు పచ్చగా పేరుకుపోతాయి. గ్లాసు వంచినా జారవు, చాకుతో ముక్కలు కోయొచ్చు. మా నల్గొండ వైపు పశువులు కాసే పిల్లలకు ఇదో ఆట. చలవ చేస్తుందని చక్కెర కలుపుకుని తినేవాళ్లూ ఉన్నారు.

పండ్ల సంగతి వేరు. పిట్టలు తింటున్నాయి కదా అని పిల్లల్ని తిననివ్వకండి. ఈ కుటుంబంలోదే కాకమారి అనే తీగ, దాని గింజలతో చేపలకు మత్తెక్కించి పట్టేవాళ్లు. అంత కాకపోయినా దూసరి పండుతో ప్రయోగాలు ఎందుకు? చిదిమి కాగితం మీద రాసుకుంటే రాసుకోనివ్వండి. చొక్కాకి అంటితే మాత్రం మీ పని అయిపోయినట్టే.

ఇక పీకాలా వద్దా అన్నది దగ్గర్లో బత్తాయి, దానిమ్మ తోటలు ఉన్నాయా అన్నదాన్ని బట్టి ఉంటుంది. పండ్ల రసం పీల్చే రెక్కల పురుగు పిల్లదశలో తిప్పతీగ, దూసరి ఆకులు తిని పెరుగుతుంది. రెక్కలొచ్చాక రాత్రిపూట తోటలో పడి పండుకి బెజ్జం చేసి రసం పీలుస్తుంది. ఆ బెజ్జం చుట్టూ కుళ్లి పండు రాలిపోతుంది. మా బత్తాయి తోటలో పొద్దున్నే చెట్ల కింద ఇలాంటి కాయలు ఏరి పారేయడం ఓ పెద్ద పని. అందుకే గట్ల మీద ఈ తీగ కనిపిస్తే ఉంచం. పైపైన కోస్తే మళ్లీ చిగురిస్తుంది, వేరుతో సహా తవ్వాలి. కాయలు లేని తీగలనూ వదలొద్దు. ఇందులో ఆడ, మగ మొక్కలు వేరు. మగది కాయదు గానీ దాని ఆకులూ పురుగుకి మేతే.

చుట్టుపక్కల తోటలేవీ లేకపోతే మీ కంచె మీద ఉంచేయండి, ఏ ఇబ్బందీ లేదు.