భయం బొమ్మ వద్దు, చేతి లెక్క కుట్టు

అమ్మడూ,

నువ్వు పంపిన స్కెచ్ చూశాను. మోకాళ్ల మీద తల వాల్చిన ఆడపిల్ల, పైన నల్లమబ్బు, మబ్బు నిండా కళ్లు. గీత బాగుంది. నీ చేతిలో పనితనం ఉందని నీ చిన్నప్పుడే అనుకున్నాను. కానీ దీన్ని గుడ్డ మీదకి ఎక్కించొద్దు. ఆ మబ్బు ఎవరిదైనా కావచ్చు. కింద నువ్వు రాసిన నాలుగు ముక్కలు మాత్రం అచ్చంగా నీవి. పడుకోబోయే ముందు తలుపు గడియ చూసొస్తావు, మంచం ఎక్కాక మళ్లీ లేచి చూస్తావు. గ్యాసు కట్టేసి ఉందని కళ్లకి కనబడుతున్నా రెగ్యులేటరు చేత్తో తిప్పి చూస్తే గానీ నీకు నిద్ర పట్టదు. ఆఫీసులో మీటింగుకి ముందు చున్నీ అంచు పోగులు లాగుతూ కూర్చుంటావు. అర్ధరాత్రి ఫోను మోగితే ప్రాణం పోయినంత పనవుతుంది. కుట్టాల్సింది ఇవే.

ఇన్నేళ్లు బళ్లో ఆడపిల్లలకి కుట్లు నేర్పాను కదా, నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటి చెబుతాను. భయానికి రూపం లేదు. రూపం ఉన్నది దాని వల్ల పుట్టిన అలవాటుకి. ఏ వేళప్పుడు, ఎన్నిసార్లు, ఏ చేత్తో అన్నవన్నీ దానికి ఉంటాయి. కుట్టు కూడా ఒకే చిన్న పనిని మళ్లీ మళ్లీ చేయడమే. అందుకే అలవాటు గుడ్డ మీదకి తేలిగ్గా వస్తుంది. భయాన్ని నేరుగా గీయబోతే మాత్రం ఎప్పుడూ ఆ మబ్బే వస్తుంది.

భయాన్ని దారంలో కట్టిపెట్టడం మన ఇళ్లలో కొత్తేమీ కాదులే. పసిపిల్లకి దిష్టి తగలకుండా కట్టే నల్లతాడు, జ్వరం తగ్గకపోతే దర్గా దగ్గర కట్టించుకొచ్చే తాయెత్తు, వరలక్ష్మీ వ్రతం నాడు తొమ్మిది పోగుల తోరం. ఆ తోరానికి తొమ్మిది ముడులు వేసి, ఒక్కో ముడికీ విడిగా పూజ చేస్తాం. ముడి వేసేటప్పుడు మనసులో ఏముందో అది దారంలోకి వెళ్తుందని మనవాళ్లకి అంత నమ్మకం. దీపాలు పెట్టాక సూది ఎవరి చేతికీ ఇవ్వకూడదని మీ అమ్మమ్మ ఎంత పట్టింపుగా ఉండేదో నీకూ గుర్తుండే ఉంటుంది.

ఇక పనిలోకి వద్దాం. గుడ్డ కొనకముందు చిన్న పుస్తకం ఒకటి మంచం పక్కన పెట్టుకో. రెండు వారాలు లెక్క రాయి. తేదీ వేసి, గడియకి ఒక గీత, గ్యాసుకి ఒక సున్నా. ఎందుకు లేచావో, ఏమనిపించిందో రాయనక్కర్లేదు, గీతలు చాలు. అయితే ఒకటి కనిపెట్టుకుని ఉండు. రాసుకోవడం మొదలెట్టాక లేవడం ఎక్కువైతే, లేదా లెక్క సరిగ్గా రాశానా అని మళ్లీ పుస్తకం తెరవడం మొదలైతే, వెంటనే మానెయ్. అప్పుడు జ్ఞాపకం మీద కుట్టుకోవచ్చు.

తర్వాత ఒక్కో అలవాటుకి ఒక్కో కుట్టు పెట్టుకో. గడియకి ముడి కుట్టు బాగుంటుంది, మీరంతా ఫ్రెంచ్ నాట్ అంటారే, అది. గడియ చూసిన ప్రతిసారికీ ఒక ముడి, రోజుకి ఒక వరస. ఒక వరసలో మూడే ముడులు ఉంటాయి, దాని కింద వరస పదకొండు దాకా సాగుతుంది. ఏది మంచి రాత్రో ఏది చెడ్డ రాత్రో చూసేవాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ముడి వేసేటప్పుడు సూది పైకి తీసి, దారం సూదికి రెండు చుట్లు చుట్టి, ఎడమ చేత్తో దారాన్ని కాస్త బిగువుగా పట్టుకుని, సూదిని వచ్చిన చిల్లులోనే కాకుండా ఒక్క పోగు పక్కన దించాలి. అదే చిల్లులో దించితే ముడి వెనక్కి జారిపోతుంది. దారం కట్టలో ఆరు పోగులుంటాయి, రెండు చాలు. ఒకసారికి మూరెడు దారం మించి తీసుకోకు, పొడుగైతే చిక్కుపడుతుంది, నూగు లేస్తుంది. సూది ఏడో నంబరో ఎనిమిదో.

చున్నీ పోగులు లాగే అలవాటుకి నేను చెప్పే పద్ధతి నీకు వింతగా అనిపించొచ్చు. దానికి బొమ్మ వేయకు, ఆ పనే చెయ్. పోగులు విడివిడిగా కనబడే పలచటి నేత గుడ్డ తీసుకుని, ఒక పట్టీ మేర అడ్డపోగులు మధ్యలో కత్తిరించి సూది మొనతో ఒక్కొక్కటే లాగెయ్. నిలువు పోగులు మాత్రమే మిగులుతాయి. వాటిని నాలుగు నాలుగు చొప్పున పట్టుకుని దారంతో కట్టేస్తే సన్నటి జాలీ వస్తుంది. అయితే లాగే ముందే ఆ పట్టీకి రెండు చివర్లా కాజా కుట్టు దగ్గర దగ్గరగా వేసి ఉంచాలి, లేకపోతే పోగులు ఊడుతూ గుడ్డంతా పాకుతుంది. ఆ పని చేస్తూ నీ వేళ్లని గమనించు. మీటింగులో అవి చేసేదీ ఇదే. అక్కడ చున్నీ పాడవుతోంది, ఇక్కడ జాలీ తయారవుతుంది.

అర్ధరాత్రి ఫోనుకి నల్లగుడ్డ మీద నల్లదారం. మెరుపు లేని నూలుగుడ్డ తీసుకుని, కాస్త మెరుపున్న దారంతో కుట్టు. ఎదురుగా నిలబడి చూస్తే ఏమీ ఉండదు, పక్కనుంచి వెలుగు పడితే కుట్టు కనబడుతుంది, చేత్తో తడిమితే తెలుస్తుంది. ఆ భయం మీ నాన్న పోయిన రాత్రి వచ్చిన ఫోనుతో మొదలైందని నాకు తెలుసు, తల్లీ. అందుకే దాన్ని చివరికి పెట్టుకో. చేయి కుదిరాక.

నాన్న చొక్కా కత్తిరించనా అని అడిగావు. ఇప్పుడే వద్దు. కత్తిరించిన గుడ్డ మళ్లీ అతుక్కోదు. ముందు నీ పాత చున్నీలు, పిల్లో కవర్లు, మీ అమ్మ ఇచ్చేసిన నూలు చీరలు ఉన్నాయిగా. వాడి వాడి మెత్తబడ్డ నూలుగుడ్డలో సూది హాయిగా దిగుతుంది. కొత్త గుడ్డయితే ముందు తడిపి ఆరేయి, కుట్టాక ముడుచుకుపోకుండా. మన బొంతలకి లాగే రెండు పొరలు వేసి, చుట్టూ కచ్చా కుట్టు వేసుకో, పని అయ్యాక అది తీసేయొచ్చు. బెంగాల్లో కాంథాలు, అంటే పాత చీరల పొరలతో చేసే బొంతలు, కుట్టిన ఆడవాళ్లు రంగు దారం కోసం పాత చీరల అంచుల్లోంచే పోగులు లాగేవాళ్లు. ఇంట్లో ఉన్నదాంతో ఎంత దూరం వెళ్లొచ్చో అది చూస్తే తెలుస్తుంది.

ఈ సంగతిలో నాకు బాగా నచ్చిన మనిషి లూయీజ్ బూర్జ్వా. 1911లో పారిస్‌లో పుట్టింది. వాళ్లమ్మానాన్నలది పాత టాపెస్ట్రీలు, అంటే గోడలకి వేలాడదీసే బొమ్మల నేతలు, బాగుచేసే పని. నేల దగ్గర చిరిగిపోయిన చోట పోయిన కాళ్లూ పాదాలూ ఈ పిల్ల గీసిచ్చేది. పెద్దయ్యాక శిల్పిగా పేరొచ్చింది. తల్లిని తలుచుకుని ఆకాశమంత సాలెపురుగుని చేసింది, సాలీడూ నేత పనిదే కదా. తొంభై ఏళ్లు దాటాక 2002లో తన పెళ్లినాటి తువ్వాళ్లనే పేజీలుగా పెట్టి, పాత బట్టల ముక్కలు అతికి ఒక గుడ్డ పుస్తకం చేసింది. పేజీల్ని బొత్తాలతో కలిపింది, కావాలంటే విప్పుకోవచ్చు. అందులో ఎక్కువ పేజీల మీద ఉన్నవి వలయాలు, గళ్లు, చారలు. ఏడుస్తున్న మొహాలు కావు. ఆ పుస్తకం ఫొటోలు వెతికి చూడు. చారలతో ఎంత చెప్పొచ్చో నీకే తెలుస్తుంది. నువ్వు కూడా ఆఖరికి ముక్కలన్నీ బొత్తాలతో కలిపితే ఎలా ఉంటుందో ఆలోచించు. ఏదైనా పేజీ ఇంట్లోవాళ్ల ముందు చూపించబుద్ధి కాకపోతే విప్పి పక్కన పెట్టుకోవచ్చు.

అక్షరాలు కుట్టొచ్చా అంటే, కుట్టొచ్చు. ఇంగ్లండులో ఎలిజబెత్ పార్కర్ అనే పనిపిల్ల 1830 ప్రాంతంలో తెల్ల నారగుడ్డ మీద ఎర్రదారంతో తన బతుకంతా కుట్టింది. యజమాని పెట్టిన హింస, చచ్చిపోదామనుకున్న రోజు, దేవుడి దగ్గర భయం, అన్నీ చిన్న చిన్న క్రాస్ కుట్టు అక్షరాల్లో. ఒక్క పువ్వు లేదు, ఒక్క అంచు లేదు. తన ఆత్మ ఏమైపోతుందో అని అడుగుతూ వాక్యం మధ్యలో ఆగిపోయింది, కింద గుడ్డ ఖాళీగా మిగిలింది. ఇప్పుడది లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఆ పిల్ల ఆ తర్వాత చాలాకాలం బతికింది, బళ్లో పాఠాలు చెప్పింది. ఈ మాట నా విద్యార్థినులు ఎంతమందికి చెప్పానో. నీ గుడ్డ కూడా పూర్తి కావాలని లేదు. ఆగాలనిపించిన చోట ఆగు, ఖాళీని పువ్వులతో నింపకు.

కానీ మన అక్షరాలకి క్రాస్ కుట్టు కుదరదు. గళ్లలో వేస్తే ళ, ఱ, ఞ లాంటి గుండ్రాలన్నీ మెట్లు మెట్లుగా విరిగిపోతాయి. కాడ కుట్టు వేయి, స్టెమ్ స్టిచ్ అంటారే, అది, వంపు దగ్గర కుట్టు పొడవు సగానికి తగ్గించు. వరసల మధ్య అక్షరం ఎత్తంత ఖాళీ వదులు, లేకపోతే పై వరస ఒత్తులు కింద వరస గుడులకి తగులుకుంటాయి. మాటలు మాత్రం పొదుపుగా ఉండాలి. “వేశాను కదా” అన్న రెండు మాటలు గడియ వరసల పక్కన ఉంటే చాలు. పేరాలు పేరాలు కుట్టకు.

మీ అమ్మ మందుల సంగతి, ఆవిడ రాత్రిళ్లు లేచి ఏడ్చే సంగతి కూడా పెడతానన్నావు. అది ఆవిడది. ఆవిడని కూర్చోబెట్టి అడిగి, సరేనంటేనే పెట్టు. వద్దంటే ఆ మాట ఇక ఎత్తకు. నీకు మరీ చెప్పకుండా ఉండలేననిపిస్తే చిలీ ఆడవాళ్లు చేసినట్టు చెయ్. 1973లో అక్కడ సైన్యం గద్దెనెక్కాక ఎందరో మనుషులు మాయమయ్యారు. వాళ్ల తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్లు శాంటియాగోలో చర్చి నీడన చేరి గోనెగుడ్డ మీద గుడ్డపీలికలతో బొమ్మలు అతికారు. అర్పియేరాలు అంటారు వాటిని. కొందరు పోయినవాళ్ల బట్టల్నే ముక్కలుగా వాడారు. వాటిలో చాలావాటికి వెనక చిన్న జేబు ఉండేది, అందులో మడిచిన చీటీ. నువ్వూ వెనక ఒక జేబు కుట్టు. చెప్పాలనుకుని చెప్పలేనిది చీటీ రాసి అందులో పెట్టి, పైన రెండు కుట్లు వేసి మూసెయ్. ముందు వైపు చూసేవాళ్లకి దాంతో పని లేదు.

చెడ్డ రోజున కుట్టిన వరస వంకరగా వస్తుంది, దారం బిగిసి గుడ్డ ముడత పడుతుంది. విప్పకు. అది ఆ రోజు లెక్క. వెనక ముడి ఊడి జారుతున్న కుట్టుని మాత్రం విప్పి మళ్లీ వేయి, అది పనిలో లోపం. ఈ రెంటికీ తేడా నీకే తెలుస్తుంది.

రోజుకి అరగంట చాలు. ఎడమ భుజం మీదుగా వెలుతురు పడేలా కూర్చో. పడుకునే ముందు గుడ్డ బిగించిన ఫ్రేము తీసెయ్, అలాగే ఉంచితే గుడ్డకి గుండ్రటి మచ్చ పడి ఒక పట్టాన పోదు. మొదటి ముక్క జానెడు మించొద్దు. గోడంత పెద్దది చేయాలని నీకు ఆత్రం, తెలుసు, అయినా జానెడే.

ఇంకో మాట, ఇది కాస్త శ్రద్ధగా విను. కుట్టు మందు కాదు. మనసు కుదుటపడుతుంది, నిజమే, నేను చూశాను. కానీ గడియ కోసం లేచి లేచి నిద్రే లేకుండా పోతుంటే, తాళం సంగతి తేలక ఆఫీసుకి వెళ్లలేకపోతుంటే, డాక్టర్ని కలువు. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కి ఫోన్ చెయ్, టెలీ మానస్ అని ప్రభుత్వం పెట్టింది, తెలుగులోనూ మాట్లాడతారు. దీనికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. డాక్టరు దగ్గరికి వెళ్తూ కూడా కుట్టుకోవచ్చు. రేపు తగ్గి, వరసకి ఒక ముడి, అసలు ముడే లేని వరస వస్తే ఆ ఖాళీ వరస కూడా గుడ్డ మీద ఉండాలి. దాని చోటు దానికి వదిలి పెట్టు.

పని అయ్యాక ఇస్త్రీ బోర్లా చేయాలి, కింద మందపాటి తువ్వాలు పరిచి. లేకపోతే ముడులన్నీ అణిగిపోతాయి. గోడకి తగిలిస్తే ఎండ పడని గోడ చూడు. అద్దం బిగించకు, నల్లగుడ్డ ముక్కని మనుషులు తాకితేనే తెలుస్తుంది.

రేపు కొరియర్లో నా దగ్గరున్న దారాలు పంపుతున్నాను. నలుపు రెండు రకాలు, ఒకటి మెరుపుది, ఒకటి మామూలుది. సూదుల పొట్లం, చిన్న ఫ్రేము, జాలీ పనికి పలచటి గుడ్డ మీటరు పెట్టాను. ఎరుపు కూడా ఉంది గానీ పాతది. కుట్టే ముందు ఒక ముక్క తడిపి తెల్లగుడ్డలో పెట్టి నొక్కి చూడు, రంగు దిగితే అది వాడకు, మంచిది కొని పంపుతాను. జానెడు ముక్క అయ్యాక ముందూ వెనకా రెండు వైపులా ఫొటో తీసి పంపించు. వెనక వైపు ముందు చూస్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ