లారీని ఆపే గేటు డిజైన్ చేస్తానంటోంది మా అమ్మాయి... అదీ ఒక కెరీరేనా?

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. భవనాల ముందు పెట్టే, లారీ వచ్చి గుద్దినా తట్టుకొని నిలబడే స్లైడింగ్ గేటును ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా ఎంచుకుంది. చదువయ్యాక కూడా ఇదే రంగంలో ఉంటానంటోంది. గేట్లు చేయడమంటే వెల్డింగ్ షాపు పనే కదా, దానికి డిగ్రీ ఎందుకని ఇంట్లో అందరికీ అనుమానం. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లమంటే వినడం లేదు. ఇందులో నిజంగా ఉద్యోగాలుంటాయా? ప్రోత్సహించాలా, ఆపాలా?

జవాబు: ఆపకండి. మీ ప్రశ్నలో టెన్షన్ కనిపిస్తోంది కాబట్టి ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. అయితే ఆమె దారిలో ఒకటి రెండు మార్పులు అవసరం. వాటి గురించి మీరిద్దరూ కూర్చొని మాట్లాడుకోవాలి.

మీరన్నదాంట్లో సగం నిజముంది. మామూలు స్లైడింగ్ గేటును అనుభవమున్న ఫ్యాబ్రికేటర్ ఎవరైనా చక్కగా చేసి పెట్టగలరు. నేల మీద ట్రాకు, కింద చక్రాలు, పక్కన మోటారు ఉంటే చాలు. కానీ మీ అమ్మాయి చేస్తానంటున్నది వేరే వస్తువు. దాన్ని ఏ లెక్కకు నిలబెట్టాలో చూస్తే తేడా అర్థమవుతుంది.

ఈ రంగంలో అందరూ చెప్పుకునే అమెరికన్ ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్2656. అందులోని ఎం30, ఎం40, ఎం50 తరగతులకు సుమారు 6,800 కిలోల లారీని గంటకు 48, 64, 80 కిలోమీటర్ల వేగంతో నేరుగా గేటుకు గుద్దిస్తారు. 80 కిలోమీటర్ల వేగంలో ఆ లారీ మోసుకొచ్చే శక్తి దాదాపు 1,700 కిలోజౌళ్లు. లారీ ముందుభాగం నలగడం, గేటు వంగడం అన్నీ కలిపి అది రెండు మీటర్లలో ఆగిందనుకుందాం. అప్పుడు గేటు మీద పడే సగటు బలమే 850 కిలోన్యూటన్లు, అంటే 85 టన్నులకు పైగా బరువు వచ్చి మీద పడినట్టు. ఒక్క క్షణం పడే గరిష్ఠ బలం ఇంకా ఎక్కువే. ఇది వెల్డర్ కంటి అంచనాతో తేలే విషయం కాదు.

ఇలాంటి ప్రమాణాలు ఊరికే పుట్టలేదు. 1983 అక్టోబరు 23న లెబనాన్ రాజధాని బేరూత్‌లో పేలుడు పదార్థాలు నింపిన లారీ ముళ్ల కంచెను తొక్కుకుంటూ అమెరికా సైనికుల నివాస భవనంలోకి దూసుకెళ్లింది. 241 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. ఆ తర్వాత 1985లో అమెరికా విదేశాంగ శాఖ వాహన నిరోధకాలకు పరీక్షా ప్రమాణం తెచ్చింది. దాని స్థానంలోనే 2007లో ఏఎస్‌టీఎం ప్రమాణం వచ్చింది. అంతర్జాతీయంగా ఇప్పుడు ఐఎస్‌ఓ 22343 ఉంది. ప్రవేశ ద్వారం దగ్గర వాహనం ఆగడమా, ఆగకపోవడమా అన్నదాని మీద లోపలున్నవాళ్ల ప్రాణాలు ఆధారపడ్డాయి. మీ అమ్మాయి ఎంచుకున్నది అంత బాధ్యత ఉన్న పని.

అసలు ఇంజనీరింగ్ ఎక్కడుందో ఒక్క చోటు చూపిస్తాను. ఆరు మీటర్ల దారికి అడ్డంగా గేటు మూసి ఉంది. దాని ముందు అంచు ఎదుటి స్తంభంలోని గాడిలో పది సెంటీమీటర్లు దూరి ఉంది. చూడటానికి బలంగానే ఉంది. లారీ సరిగ్గా మధ్యలో గుద్దింది, గేటు ఒక మీటరు లోపలికి వంగింది. రెండు కొయ్యల మధ్య దండెం తాడును మధ్యలో పట్టి లాగితే కొసలు లోపలికి రావాలని చూస్తాయి కదా, ఇక్కడా అదే జరుగుతుంది. లెక్క కడితే రెండు చివరలు కలిపి దాదాపు 32 సెంటీమీటర్లు, ఒక్కో వైపు 16 సెంటీమీటర్లు లోపలికి జరగాలి. గాడిలో ఉన్నది పదే. ఇనుము విరగలేదు, వెల్డింగు ఊడలేదు, అయినా గేటు గాడిలోంచి జారిపోయి దారి తెరుచుకుంది! అందుకే మంచి డిజైన్లలో గేటు చివర కొక్కెం లాంటి పట్టు ఉంటుంది. రోజువారీగా అది దేనికీ తగలకుండా జారుతుంది, గుద్దినప్పుడు మాత్రం స్తంభాన్ని పట్టుకొని వదలదు. అప్పుడు గేటు వంగే దూలంలా కాకుండా సాగే తాడులా పనిచేసి శక్తిని మింగుతుంది. కొందరు దూలాల లోపల ఉక్కు తాళ్లు కూడా నడిపిస్తారు. గేటు పట్టుకుంది సరే, ఆ లాగుడంతా స్తంభాల్లోకి, అక్కణ్ణుంచి పునాదిలోకి వెళ్తుంది. పునాది లోతుగా తీద్దామంటే కింద కరెంటు కేబుళ్లు, నీటి పైపులు అడ్డొస్తాయి. అందుకని సివిల్ ఇంజనీరు పక్కన లేకుండా ఈ పని సాగదు.

ఇంకో సంగతి. 80 కిలోమీటర్లకు బదులు 48 కిలోమీటర్ల వేగంతో వస్తే అదే లారీ శక్తి 610 కిలోజౌళ్లకు, అంటే మూడో వంతు దగ్గరికి పడిపోతుంది. కాబట్టి గేటు దాకా వచ్చే దారిని వంపులు తిప్పి వాహనం వేగం అందుకోకుండా చేయడమే చాలాసార్లు అన్నిటికన్నా మంచి డిజైన్. ఇనుము మందం పెంచేముందు దారి మ్యాపు అడిగే ఇంజనీరునే నేను మంచి ఇంజనీరు అంటాను.

ఇక నేను మరీ గట్టిగా చెప్పదలచుకున్న మాట. ఆ గేటు జీవితకాలంలో లారీ ఒక్కసారి కూడా గుద్దకపోవచ్చు. కానీ రోజూ వందలసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. పక్కనే పిల్లలు నడుస్తారు, డెలివరీ బాయ్ ఫోన్ చూసుకుంటూ వస్తాడు, వాచ్‌మన్ చేయి పెడతాడు. 2010 వేసవిలో బ్రిటన్‌లో రోజుల తేడాతో ఇద్దరు చిన్నపిల్లలు మోటారుతో నడిచే గేట్లలో నలిగి చనిపోయారు. మూసుకునే అంచుకూ ఎదుటి స్తంభానికీ మధ్య అర మీటరు లోపు ఖాళీలో మనిషి చిక్కుకుంటే, తగిలే బలం 400 న్యూటన్లు (సుమారు 40 కిలోల బరువంత) దాటకూడదని యూరప్ ప్రమాణం ఈఎన్ 12453 చెబుతుంది. అంటే ఒకవైపు ఎనిమిదిన్నర లక్షల న్యూటన్లను తట్టుకోవాలి, మరోవైపు మనిషి మీద నాలుగు వందలు దాటకూడదు. ఈ రెండూ ఒకే గేటు చేయాలి. టన్నుల బరువున్న గేటును నెమ్మదిగా నడపడం, అడ్డు తగలగానే వెనక్కి తిప్పే సేఫ్టీ ఎడ్జ్, ఎవరైనా అడ్డొస్తే కాంతి కిరణంతో పసిగట్టే ఫొటోసెల్, చక్రం విరిగినా గేటు పక్కకు ఒరిగి పడకుండా ఆపే ఏర్పాటు, కరెంటు పోయినా అంబులెన్స్ కోసం చేత్తో తెరిచే వీలు... వీటన్నిటినీ ఆలోచించాలి. మీ అమ్మాయి ప్రాజెక్టు కాగితాల్లో లారీ మాత్రమే ఉంటే, ఈ రెండో వైపు ఏదమ్మా అని అడగండి.

ఉద్యోగాల సంగతికొస్తే, ఉన్నదున్నట్టు చెప్తాను. ఇలాంటి గేట్లే తయారుచేసే కంపెనీలు ఎక్కడైనా తక్కువే. చదువు అవగానే అక్కడే సీటు దొరుకుతుందనుకుంటే నిరాశ పడాల్సి రావచ్చు. కానీ ఆమె నేర్చుకునే విద్య ఆ కొద్ది కంపెనీలకే పరిమితం కాదు. ఢీకొన్నప్పుడు లోహం ఎలా వంగుతుంది, శక్తి ఎటు పోతుంది అన్న విద్య కార్ల క్రాష్ సిమ్యులేషన్‌కు, అంటే ఢీకొనడాన్ని కంప్యూటర్‌లోనే నడిపి చూడటానికి కావాలి, రహదారి పక్క రక్షణ కంచెలకు కావాలి, రైలు పెట్టెల డిజైన్‌కు కావాలి, భద్రతా కన్సల్టెన్సీలకు, పరీక్షా కేంద్రాలకు కావాలి. గేటు నడిచే వైపు ఇష్టపడితే ఆటోమేషన్, పీఎల్‌సీ (యంత్రాలను నడిపించే చిన్న కంప్యూటర్) ప్రోగ్రామింగ్ ఉన్నాయి. అందుకే నా సలహా: గేటును ప్రాజెక్టుగా ఉంచుకోనివ్వండి, చదువును మాత్రం వెడల్పుగా ఉంచమనండి. పై చదువుకు వెళ్తే స్ట్రక్చరల్ మెకానిక్స్, ఇంపాక్ట్ ఇంజనీరింగ్, కంప్యుటేషనల్ మెకానిక్స్ లాంటివి చూడాలి. కోర్సు పేరులో సెక్యూరిటీ అని ఉంది కదా అని చేరిపోకూడదు.

సాఫ్ట్‌వేర్ మీద మీ ఆశ కూడా వృథా పోదు. ఈ పనిలో సగం కంప్యూటర్ మీదే జరుగుతుంది. ఇలాంటి సిమ్యులేషన్‌కు బాగా పేరున్న సాఫ్ట్‌వేర్ ఎల్‌ఎస్-డైనా, దాని మూలాలు 1976లో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో ఉన్నాయి. లైసెన్సు దొరక్కపోతే 2022లో ఓపెన్ సోర్స్‌గా, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకునేలా విడుదలైన ఓపెన్‌రేడియాస్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టొచ్చు. ఫలితాలను విడదీసి చూడటానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వస్తే ఎంతో ఉపయోగం. కాకపోతే రంగురంగుల యానిమేషన్ చూసి డిజైన్ నిలబడిందని నమ్మేయడం ఈ రంగంలో పెద్ద ప్రమాదం. ముందు ఒక్క దూలాన్ని చేత్తో లెక్కగట్టి, అదే దూలాన్ని సాఫ్ట్‌వేర్‌లో నడిపి, రెండూ దగ్గరగా వచ్చాయో లేదో చూడాలి. వేగంగా గుద్దినప్పుడు ఉక్కు నిదానంగా వంచినప్పటికంటే గట్టిగా ప్రవర్తిస్తుంది. ఆ సంగతి మోడల్‌లో పెట్టిందా? మొత్తం శక్తి మొదట్లో ఎంతో చివర్లోనూ అంతే తేలిందా? వీటికి జవాబు చెప్పగలిగితేనే ఆ యానిమేషన్‌కు విలువ.

ఆమె ప్రాజెక్టును మాత్రం చిన్నది చేయమనండి. మొత్తం గేటు ఒక విద్యార్థికి చాలా పెద్దది, కాలేజీలో లారీని గుద్దించి చూడటం ఎలాగూ కుదరదు. పైన చెప్పిన ఆ కొక్కెం ఒక్కటే తీసుకుంటే చాలు. చిన్న సైజులో నాలుగైదు నమూనాలు చేయించి, కాలేజీ ల్యాబులో ఉండే యూనివర్సల్ టెస్టింగ్ మెషీన్ మీద అవి ఊడేదాకా లాగించవచ్చు. ఎంత బలానికి, ఎక్కడ, ఎలా తెగిందో ఫొటోలతో రాసుకొని, తన లెక్కతో పోల్చుకోవాలి. ఆ నమూనాలు చేయించేటప్పుడు మీరన్న వెల్డింగ్ షాపులోనే కొన్ని రోజులు కూర్చోమనండి. కాగితం మీద గీసిన వెల్డింగు గీతను నిజంగా టార్చి వెళ్లలేని మూలలో గీసిందేమో అక్కడే తెలుస్తుంది. ఆ పని తెలిసినవాళ్లను గౌరవించని డిజైనర్ ఈ రంగంలో ఎదగడం కష్టం.

రెండు జాగ్రత్తలు ఆమెకు ఇప్పుడే చెప్పండి. సిమ్యులేషన్ మాత్రమే చేసిన డిజైన్‌ను క్రాష్ టెస్ట్ అయినట్టు రిపోర్టులో గానీ రెజ్యూమేలో గానీ ఎక్కడా రాయకూడదు. ఆ మాట నమ్మి రేపు ఎవరైనా ఆ గేటు వెనక నిశ్చింతగా కూర్చుంటారు. అలాగే, ఫలానా భవనం గేటు బలహీనతలు ఇవీ అని పేరుతో సహా బయట పెట్టకూడదు. ఈ రంగంలో ఉద్యోగమిచ్చేవాళ్లు నైపుణ్యంతో పాటు నోరు అదుపులో ఉందా అని కూడా చూస్తారు. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు గేటు త్రీడీ బొమ్మ కన్నా, తెగిపోయిన ఆ కొక్కెం ఫొటో, పక్కనే తను ముందుగా వేసిన అంచనా ఉన్న పేజీ తీసుకెళ్లమనండి. అంచనా తప్పిందా, ఎందుకు తప్పిందో కింద రెండు వాక్యాల్లో రాయమనండి. ఎదుటివాళ్లు ఎక్కువసేపు అడిగేది ఆ రెండు వాక్యాల గురించే.